కంచే చేను మేస్తే

రోగాలలో చుట్టపుచూపుగా వచ్చి పోయేవి కొన్ని, ఇల్లరికం వచ్చి తిష్ఠ వేసేవి కొన్ని. జలుబూ, జ్వరమూ మొదటి రకం. నాలుగు రోజులుండి, మన చేత లంఖణాలు చేయించి, వచ్చిన దారినే పోతాయి. కీళ్ళవాతం రెండో రకం. అది ఒకసారి గడప దాటి లోపలికి వచ్చిందంటే ఇక ఇంట్లో మనిషే. అలాగని బెంబేలు పడవలసిన పని లేదు. ఇంట్లో మనిషి గుణం తెలుసుకుని మసలుకుంటే కాపురం సాగినట్టే, ఈ జబ్బు గుణం తెలుసుకున్నవాళ్ళు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. తెలుసుకోవడం ఆలస్యమైన చోటనే చేతివేళ్ళు వంకర్లు పోతున్నాయి.

ఆ గుణమేమిటో పదిమందికీ అర్థమయ్యేలా చెబుదామని ఇది రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. మా అక్కయ్యకు ఈ జబ్బు కనిపించిన నాటినుంచీ, అంటే పన్నెండేళ్ళుగా, దీన్ని గురించి చేతికందిన శాస్త్రగ్రంథాలూ పత్రికలూ చదువుతూ, అక్కయ్యను చూసే డాక్టరుగారిని ప్రశ్నలతో వేధిస్తూ వచ్చాను. ఆయన విసుక్కోకుండా చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ఏ వాతం?

మన ఇళ్ళలో ఏ కీలు నొప్పెట్టినా "వాతం చేసింది" అని ఊరుకుంటాం. నిజానికి ఇందులో రెండు పెద్ద తెగలున్నాయి. ఒకటి అరుగుదల. బండి ఇరుసు అరిగినట్టు, వయస్సు మీరాక మోకాలిలోని మృదులాస్థి అరిగి, మెట్లెక్కితే కలుక్కుమంటుంది. తాతయ్యలూ బామ్మలూ చెప్పుకునే నొప్పి చాలావరకు ఇదే. రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. దీనికి ముసలితనంతో పని లేదు. ముప్పై ఏళ్ళ ఇల్లాలికి రావచ్చు, చంటిబిడ్డ తల్లికి రావచ్చు. మగవాళ్ళలో కన్న ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. 1993లో వెలువడిన ఒక పరిశీలనలో, హర్యానా గ్రామాల్లో లెక్క తీస్తే, వెయ్యిమంది పెద్దవాళ్ళలో ఏడెనిమిదిమందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే ఒక మోస్తరు వీధిలో ఒకరిద్దరైనా ఉంటారన్నమాట.

రెంటికీ తేడా కనిపెట్టడం అంత కష్టం కాదు. అరుగుదల నొప్పి పని చేసినకొద్దీ పెరుగుతుంది, కాస్సేపు కూర్చుంటే తగ్గుతుంది. ఇది తలకిందులు. పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కాఫీ గ్లాసు పట్టు చిక్కదు. గంటకు పైగా గడిచి, చేతులు అటూ ఇటూ ఆడించిన మీదట గాని సడలవు. సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులూ, వేళ్ళ నడిమి కణుపులూ, మణికట్లూ, కాలివేళ్ళ మొదళ్ళూ వాస్తాయి. గోటికి పక్కనున్న చివరి కణుపు జోలికి మాత్రం ఈ జబ్బు అంతగా పోదు.

మన ఆయుర్వేదంలో దీన్ని పోలిన జబ్బును ఆమవాతం అన్నారు. మాధవనిదానంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పాశ్చాత్య వైద్యంలో దీన్ని మొదట విడదీసి చెప్పినవాడు లాండ్రే బోవే అనే ఫ్రెంచి వైద్యుడు. పారిస్ నగరంలో సాల్‌పెత్రియేర్ ఆస్పత్రిలో తొమ్మిదిమంది స్త్రీలను పరీక్షించి, 1800లో తన సిద్ధాంతవ్యాసంలో దీన్ని వర్ణించాడు. ఆ రోజుల్లో కీళ్ళు వాస్తే గౌటు అనేవారు. గౌటు బాగా తిని తాగే కలవారి రోగమని ప్రతీతి. ఈ స్త్రీలకు వచ్చినది ఆ మామూలు గౌటు కాదని ఆయన గుర్తించాడు. 1859లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ గారడ్ అనే వైద్యుడు దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. పేరు పెట్టడమైతే జరిగింది గాని, లోపల ఏం జరుగుతున్నదో తెలియడానికి మరో నూరేళ్ళు పైగా పట్టింది.

మూసిన గది

కీలంటే రెండు ఎముకలు కలిసే చోటు మాత్రమే కాదు. అదొక మూసిన గది. ఎముకల కొనలకు లేత కొబ్బరిలాంటి నున్నని మృదులాస్థి తాపడం చేసి ఉంటుంది. గది గోడలకు లోపలివైపున ఒక పల్చని పొర ఉంటుంది. దాన్ని సైనోవియం అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని పైవరస ఒకటి రెండు కణాల మందం మాత్రమే. కీలుకు కందెన వేయడం దాని పని. అదైనా ఎంత? మోకాలివంటి పెద్ద కీలులో సైతం ఆ కందెన ఒక చిన్న చెంచాడుకు మించదు.

ఈ పొరలో రెండు జాతుల కణాలు కాపురముంటాయి. ఫైబ్రోబ్లాస్టులు ఒకటి. ఇవి తాపీపనివాళ్ళ వంటివి. గోడ కట్టడం, కందెన తయారు చేయడం వీటి వంతు. రెండోవి మాక్రోఫేజ్‌లు. చచ్చిన కణాలనూ, చెత్తనూ ఎప్పటికప్పుడు మింగి గదిని శుభ్రంగా ఉంచుతాయి. 2019లో జర్మనీలోని ఎర్లాంగెన్ శాస్త్రజ్ఞులు ఎలుకల కీళ్ళను పరీక్షించి ఒక చిత్రం చూశారు. ఈ మాక్రోఫేజ్‌లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు అతుక్కుని నిలబడి, కీలు చుట్టూ అక్షరాలా కంచె కడుతున్నాయి. వాపు మొదలు కాగానే ఆ పట్టు సడలిపోతున్నది.

కాపలావాడి పొరపాటు

మన రక్తంలో తిరిగే తెల్లకణాలు దేశానికి సైన్యం వంటివి. సైన్యానికి ముఖ్యంగా కావలసింది బలం కాదు, మనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకునే తెలివి. టీ-కణాలనే జాతికి గుండె పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో ఈ బడి జరుగుతుంది. స్వజనం మీద చెయ్యెత్తే వాటిని చాలావరకు అక్కడే ఏరి పారేస్తారు. అయినా కొన్ని తప్పించుకు వస్తాయి. వాటిని ఊళ్ళో అదుపు చేయడానికి మరో రకం టీ-కణాలున్నాయని 1995లో జపానుకు చెందిన షిమోన్ సకగుచి చూపించాడు. ఈ సర్దుబాటు కణాల గుట్టు విప్పినందుకే ఆయనకూ, అమెరికా శాస్త్రజ్ఞులు మేరీ బ్రంకోకూ, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కూ కలిపి 2025లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఈ కట్టుబాట్లన్నీ దాటి సైన్యం స్వదేశం మీదనే తిరగబడితే, దాన్ని కంచే చేను మేయడమని గాక మరేమనాలి? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో జరిగేది అదే. సూక్ష్మజీవి ఏదీ కీలులో దూరి కూర్చోలేదు. కాపలావాళ్ళే దోపిడీ చేస్తున్నారు.

దీనికి మొదటి ఆనవాలు 1940లో నార్వేలో దొరికింది. ఎరిక్ వాలెర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రోగుల రక్తంలో ఒక వింత పదార్థం చూశాడు. నేడు దాన్ని రుమటాయిడ్ ఫాక్టర్ అంటున్నారు. మన శరీరంలోని రక్షక ప్రోటీన్ల మీదనే పనిచేసే మరో రక్షక ప్రోటీను అది. దానికన్న కచ్చితమైన ఆనవాలును 1998లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వెలికి తీశారు. ప్రోటీన్లలో ఆర్జినిన్ అనే ఒక ముక్క ఒక్కొక్కప్పుడు సిట్రులిన్ అనే మరో ముక్కగా మారుతుంది. మనవాడే, చొక్కా మార్చుకు వచ్చాడంతే. కాని కొందరిలో కాపలావాడు పోల్చుకోలేక కర్ర ఎత్తుతాడు. ఆ కర్రే యాంటీ-సీసీపీ. ఇప్పుడు డాక్టర్లు రాసిచ్చే రక్తపరీక్ష దీనికోసమే.

ఇందులో విశేషమేమంటే, ఈ గొడవ కీలులో మొదలు కాకపోవచ్చు. పొగతాగేవారి ఊపిరితిత్తులలో ఈ చొక్కా మార్పిడి ఎక్కువగా జరుగుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. చిగుళ్ళ జబ్బు మీద కూడా అనుమానమున్నది. 2004లో నెదర్లాండ్స్‌లో మరో పని చేశారు. తరవాత కాలంలో ఈ జబ్బు వచ్చిన కొందరు, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో రక్తదానం చేసి ఉన్నారు. దాచి ఉంచిన ఆ పాత రక్తాన్ని తీసి పరీక్షిస్తే, దాదాపు సగంమందిలో మొదటి నొప్పికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ ఆనవాళ్ళు కనిపించాయి. నాలుగైదేళ్ళ ముందునుంచీ ఉన్నవారు ఎందరో. అంటే మనకు వేలు వాచిన రోజు జబ్బుకు పుట్టినరోజు కాదు, బారసాల మాత్రమే.

గదిలో గుంపు

ఇక మూసిన గదిలోకి సైన్యం దిగితే ఏమవుతుంది? ఆరోగ్యవంతుడి కీలు కందెనలో ఒక ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు రెండు వందలు కూడా ఉండవు. ఈ జబ్బు ముదిరిన మోకాలిలో అవి వేలకు వేలు, ఒక్కొక్కప్పుడు యాభైవేల దాకా ఉంటాయి. కందెనలో ఎక్కువగా ఉండేవి న్యూట్రోఫిల్స్ అనే కాల్బలం. పొరలో గుడారాలు వేసుకునేవి వేరు. టీ-కణాలు ఆజ్ఞలిస్తాయి. బీ-కణాలు ఆ ఆజ్ఞ ప్రకారం యాంటీబాడీలనే బాణాలు చెక్కుతాయి. కీలు లోపలనే బీ-కణాలకు పాఠం చెప్పే ప్రత్యేకమైన టీ-కణాలున్నాయని 2017లో బోస్టన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అంటే ఆయుధాల కర్మాగారం కూడా గదిలోనే వెలిసిందన్నమాట.

బయటినుంచి కొత్తగా వచ్చిన మాక్రోఫేజ్‌లు అగ్గికి ఆజ్యం పోస్తాయి. ఇవి విడుదల చేసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాలు దండోరా వేసి మరిన్ని కణాలను పిలుస్తాయి. ఆ రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరగడం వల్లనే ఈ రోగులకు నీరసం, ఆకలి మందగించడం, రక్తహీనత, సన్నని జ్వరం. "చెయ్యి నొప్పయితే మంచమెక్కడమేమిటి?" అని ఇంట్లోవాళ్ళు దెప్పుతూ ఉంటారు. అది వేళ్ళలో పుట్టిన జబ్బే అయినా, ఒళ్ళంతటి జబ్బు సుమా!

అన్నిటికన్న విచారకరమైనది తాపీపనివాళ్ళ సంగతి. ఇంతకాలం గోడ కట్టిన ఫైబ్రోబ్లాస్టులు ఈ గందరగోళంలో బుద్ధి మారి, గోడ తవ్వడానికి పూనుకుంటాయి. రెండు వరసల పొర కాస్తా పది వరసలు దాటి మందమెక్కి, మృదులాస్థి మీదికి పాకుతూ దాన్ని కొరికివేస్తుంది. ఆస్టియోక్లాస్టులు అనే ఎముకను తొలిచే కణాలు కూడా వచ్చి చేరి, ఎముక అంచున చెదలు తిన్నట్టు గుంటలు చేస్తాయి. ఎక్స్‌రేలో కనిపించేవి ఆ గుంటలే. ఒకసారి పడ్డ గుంట చాలావరకు పూడదు. 2009లో జర్మనీలో జరిగిన ఒక ప్రయోగంలో, రోగి కీలులోని ఫైబ్రోబ్లాస్టులను ఎలుకకు ఒక పక్కన మృదులాస్థి ముక్కతో పాటు అతికితే, అవి రక్తం వెంట ప్రయాణం చేసి రెండో పక్కనున్న మంచి ముక్కను కూడా కొరకసాగాయి. ఒక వేలినుంచి మరో వేలికి జబ్బు పాకడానికి ఇదొక మార్గం కావచ్చు.

అక్కయ్య వేళ్ళు

మా అక్కయ్యకు యాభయ్యో ఏట ఇది మొదలైంది. పొద్దున్నే చీపురు పట్టు చిక్కడం లేదంటే, చాకిరీ ఎక్కువై చేతులు అలసిపోయాయనుకున్నారు ఇంట్లోవాళ్ళు. తైలాలు రాశారు, కాపడాలు పెట్టారు. వంకాయ మానమని ఒకరు, చింతపండు మానమని ఒకరు చెప్పారు. చివరికి పొరుగూరినుంచి ఎవరో పొట్లాలు తెచ్చి ఇచ్చారు. మూడో రోజుకల్లా నొప్పి మాయం! అక్కయ్య ఆ మనిషిని దేవుడన్నది. ఆరు నెలలు తిరిగేసరికి ముఖం చంద్రబింబంలా ఉబ్బింది. లేని షుగరు వచ్చింది. పొట్లం మానిన రోజున మంచం దిగలేకపోయింది. తరవాత మేము వెళ్ళిన డాక్టరుగారు ఆ ముఖం చూస్తూనే పొట్లంలో స్టిరాయిడ్ కలిపి ఉంటారన్నారు. ఎక్స్‌రే తీస్తే అప్పటికే కుడిచేతి రెండు కణుపులలో గుంటలు పడి ఉన్నాయి.

సరైన మందు మొదలైన మూడు నాలుగు నెలలకు అక్కయ్య మళ్ళీ మల్లెపూలు మాల కట్టింది. రెండేళ్ళు నిక్షేపంగా గడిచాయి. అంతలో మేనకోడలి పెళ్ళి కుదిరింది. ఆ హడావిడిలో ఎవరికీ చెప్పకుండా మందు మానేసింది.

"నొప్పే లేనప్పుడు మందెందుకురా? పెళ్ళివారి ముందు మాత్రలు మింగుతూ కూర్చోమంటావా?" అన్నది, నేను తరవాత అడిగితే.

అప్పగింతలైన మూడో నెలలో జబ్బు తిరగబెట్టింది. అదే కుడిచేతి రెండు కణుపులు, అదే ఎడమ మణికట్టు! నాకు ఆశ్చర్యం వేసింది. డాక్టరుగారిని అడిగాను:

"ఒంట్లో ఇన్ని కీళ్ళున్నాయి గదండీ! జబ్బు రక్తంలో ఉన్నదంటున్నారు. రక్తం అన్నిచోట్లకూ పోతుంది. మరి తిరగబెట్టినప్పుడు పాత చోటనే ఎందుకు తిరగబెట్టింది?"

ఆయన కాస్సేపు ఆలోచించి, "కీలుకు కూడా జ్ఞాపకం ఉంటుందేమో మాస్టారూ! రోగులందరూ ఈ మాటే చెబుతారు. మాకు మాత్రం కారణం ఇంకా తెలియలేదు," అన్నారు.

కీలు మరిచిపోదు

ఆ మాట అన్న నాలుగేళ్ళకు, 2021లో, బోస్టన్ శాస్త్రజ్ఞుల బృందమొకటి దానికి సమాధానం ప్రకటించింది. ఆ పత్రం వెతికి పట్టుకుని చదివిన రోజు నాకు బాగా గుర్తు. టీ-కణాలలో అధికభాగం రక్తంలో తిరుగుతూ వచ్చి పోయేవే. కాని కొన్ని, ఒకసారి పోట్లాట జరిగిన చోటనే స్థిరనివాసం ఏర్పరుచుకుంటాయి. మామూలుగా ఇది మనకు మేలు చేసే ఏర్పాటు. చర్మంలోనో ఊపిరితిత్తులలోనో ఒకసారి దూరిన శత్రువు మళ్ళీ వస్తే, ఠాణా అక్కడే సిద్ధంగా ఉంటుంది. అయితే వాపు తగ్గి ప్రశాంతంగా ఉన్న కీళ్ళలో కూడా ఇటువంటి జ్ఞాపకపు కణాలు మిగిలి ఉన్నాయని ఈ శాస్త్రజ్ఞులు చూపించారు. ఎలుకలలో ఈ కణాలు మేల్కొని కేక వేయగానే రక్తంలోని కొత్త కణాలు వచ్చి పడి, అదే కీలు మళ్ళీ వాచింది. ప్రశాంతంగా ఉన్న సమయంలో ఆ కణాలను తొలగిస్తే, జబ్బు తిరగబెట్టడం తగ్గింది.

అక్కయ్య ప్రశ్నకూ, నా ప్రశ్నకూ ఒకే జవాబు దొరికింది. నొప్పి పోవడం వేరు, కణాలు పోవడం వేరు. పెళ్ళినాటికి వాపు లేదు, నొప్పి లేదు. కాని ఆ రెండు కణుపులలో పాత సిపాయిలు కత్తులు పక్కన పెట్టుకుని నిద్రపోతున్నారు. మందు వాళ్ళను జోకొడుతున్నది. జోలపాట ఆగింది, వాళ్ళు లేచారు.

ఇలాంటివే మరో రెండు సంగతులు 2020లో బయటపడ్డాయి. గ్లాస్గో, రోము నగరాల శాస్త్రజ్ఞులు సన్నని సూదితో కీలు పొరనుంచి నలుసంత ముక్క తీసి పరీక్షించారు. మాక్రోఫేజ్‌లన్నీ దుష్టులు కావని తేలింది. మంటను ఆర్పి, గోడను బాగుచేసే మంచి రకం కూడా ఉన్నది. జబ్బు సద్దుమణిగిన వారిలో ఈ మంచివి ఎక్కువ. అవి తక్కువగా ఉన్నవారికి మందు తగ్గిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ముందు ముందు ఎవరికి మందు తగ్గించవచ్చునో చెప్పడానికి ఇది పనికి రావచ్చు.

రెండోది న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఒక రోగి నాలుగేళ్ళపాటు, వారం వారం, ఇంట్లోనే వేలు పొడుచుకుని చుక్క రక్తం తీసి పంపుతూ వచ్చింది. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా వెనక్కి వెళ్ళి అంతకు ముందు వారాల రక్తం చూశారు. రెండు వారాల ముందు బీ-కణాల సందడి హెచ్చింది. ఒక వారం ముందు రక్తంలో ఎన్నడూ చూడని కొత్తరకం కణాలు కనిపించాయి. అవి కీలులోని ఫైబ్రోబ్లాస్టులకు చుట్టాలు. తీరా వేళ్ళు వాచేసరికి అవి రక్తంలోనుంచి మాయమయ్యాయి. కీళ్ళలోకి దిగి ఉంటాయని వారి ఊహ. ఈ కణాలకు ప్రైమ్ కణాలని పేరు పెట్టారు. తుపాను రాకను ముందుగా చెప్పినట్టు, ఈ జబ్బు రాకను కూడా ముందుగా చెప్పే రోజు వస్తుందేమో!

భీమవరం ఆయన మందు

మందుల కథ కూడా వినదగినదే. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, గర్భవతులైన రోగులలో చాలామందికి ఈ నొప్పులు తగ్గడం గమనించాడు. శరీరంలోనే ఏదో శాంతింపజేసే పదార్థం ఉన్నదని ఊహించి, 1948 సెప్టెంబరులో మంచానపడి ఉన్న 29 ఏళ్ళ స్త్రీకి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకూ, కెండల్, రైఖ్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమానం వచ్చింది. మొదటి స్టిరాయిడ్ అదే. తాత్కాలికంగా, తక్కువ మోతాదులో, డాక్టరు కనుసన్నలో అది సంజీవి. పొట్లంలో కలిస్తే మా అక్కయ్యకు చేసిందే అందరికీ చేస్తుంది.

ఇక అక్కయ్య చేత మళ్ళీ మాల కట్టించిన మందు మెతోట్రెక్సేట్. నేటికీ ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట రాసే మందు ఇదే. దీని పుట్టుకలో ఒక తెలుగువాడి చెయ్యి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ, మొదట ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయించాడు. తరవాత ఆ ఫోలిక్ ఆమ్లానికి పోటీగా నిలిచి దాని పనిని అడ్డగించే మందులు అక్కడే తయారైనాయి. అమినోప్టెరిన్, మెతోట్రెక్సేట్ ఆ కోవలోవి. పసిపిల్లల రక్తక్యాన్సరు కోసం వాటిని వాడారు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు. 1951లో గబ్నర్ అనే న్యూయార్కు వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి కూడా పనిచేస్తుందని రాశాడు గాని, కార్టిజోన్ హోరులో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మూడు దశాబ్దాలు పోయాక మళ్ళీ పరీక్షించి చూసి, 1988లో అమెరికా ప్రభుత్వం మెతోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు అనుమతించింది. ఈ కొద్ది మోతాదులో అది కణాలను చంపదు. అడినోసిన్ అనే శాంతపరిచే పదార్థాన్ని పెంచి వాటి కోపం తగ్గిస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఒక తమాషా ఉన్నది. మెతోట్రెక్సేట్ వల్ల నోటిపూత, వికారం వంటి ఇబ్బందులు కలగకుండా డాక్టర్లు దానితో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. అక్కయ్య మందుల డబ్బాలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెంటి వెనకా సుబ్బారావుగారే!

ఆ పైన వచ్చినది టీఎన్ఎఫ్‌ను అడ్డగించే సూదిమందు. లండనులో మార్క్ ఫెల్డ్‌మన్, మన లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసి, కీలులోని దండోరాలన్నిటిలో టీఎన్ఎఫ్ పెద్దదనీ, దాని నోరు నొక్కితే మిగతావి కూడా తగ్గుతాయనీ కనిపెట్టారు. 1992లో చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో 20 మంది రోగులకు మొదటిసారి ఇచ్చి చూస్తే గుణం కనిపించింది. మెతోట్రెక్సేట్‌కు లొంగనివారికి ఇటువంటి మందులు ఇప్పుడు అనేకం ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. క్షయ క్రిములను ఒంట్లో బంధించి ఉంచేది కూడా ఈ టీఎన్ఎఫే. అందువల్ల మందుకు ముందు దాగి ఉన్న క్షయ లేదని పరీక్ష చేసుకుని తీరాలి. మన దేశంలో ఇది మరీ ముఖ్యం.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినవి

కణాల కథంతా చదివాక చేయవలసిన పని ఏమిటో దానంతటదే తేలుతుంది. గదిలోకి గుంపు చేరి, గుంటలు తవ్వి, కాపురాలు పెట్టకముందే అడ్డుకోవాలి. ఉదయం బిగుసుకుపోవడం, కణుపుల వాపు ఆరు వారాలు దాటితే తైలాలతో కాలయాపన చేయక రుమటాలజిస్టు అనే కీళ్ళవాత నిపుణునికి చూపించాలి. మూడు నెలల లోపల మందు మొదలైతే కీళ్ళు నిలిచే అవకాశం బాగా ఎక్కువ.

మెతోట్రెక్సేట్ వారానికి ఒకే రోజున వేసుకునే మందు. దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారమో కాలెండరు మీద ఎర్రసిరాతో రాసి పెట్టండి. మూడు నెలలకోసారి రక్తం, కాలేయం పరీక్షలు తప్పనిసరి. మద్యం జోలికి పోరాదు. బిడ్డ కావాలనుకునే స్త్రీలు ముందుగా డాక్టరుకు చెప్పాలి. గర్భంతో ఉండగా ఆ మందు కూడదు, వేరే మందులున్నాయి.

ఇంట్లో ఎవరైనా చుట్ట, సిగరెట్టు కాల్చేవారుంటే ఇవాళే మానిపించండి. వంకాయ మానినా మానకపోయినా నష్టం లేదు. పథ్యం మాత్రంతో ఈ కణాలు శాంతించవు. ఒంటికి తగిన వ్యాయామం మాత్రం మానకూడదు.

మందు తగ్గించడం, ఆపడం డాక్టరుగారి పని, మన పని కాదు. కొందరికి కొంతకాలం పోయాక మోతాదు తగ్గిస్తారు కూడా. కాని మనుషుల కీళ్ళలోని జ్ఞాపకపు కణాలను ఏరి తీసివేసే మందు ఇంకా రాలేదు. అది వచ్చే దాకా వాటిని నిద్రపుచ్చి ఉంచడమే మార్గం. అందువల్ల మీ ఇంట్లో ఏ పిన్నిగారో, వదినగారో "నాకు బాగానే ఉన్నది, ఇక మాత్రలెందుకు?" అంటే, బాగుండడానికి కారణం ఆ మాత్రలేనని కాస్త నచ్చజెప్పి, మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వండి.